పని ప్రదేశాలలో ప్రమాదాల నివారణ (జహీరాబాదు ప్రాంతం)

పని ప్రదేశాలలో ప్రమాదాల నివారణ అనగా పనివారికి హాని కలిగించగల పరిస్థితులను ముందుగా గుర్తించి, వాటిని తొలగించుట లేదా అదుపులో ఉంచుట. సంగారెడ్డి జిల్లాలోని జహీరాబాదు పరిసరాలలో చెరకు, అల్లం, బంగాళాదుంప సాగుతో పాటు మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం కూడా ఉన్నది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో జాతీయ పెట్టుబడుల ఉత్పాదక మండలానికి (నిమ్జ్) భూసేకరణ జరిగినది. అందువలన పొలం ప్రమాదాలు, యంత్రాల ప్రమాదాలు రెండూ ఇక్కడివారు తెలుసుకోవలసినవే.

== ప్రమాద కారకం, ముప్పు ==
హాని చేయగల వస్తువు లేదా స్థితి ప్రమాద కారకం. ఆ హాని జరిగే అవకాశం, దాని తీవ్రత కలిసి ముప్పు అవుతుంది. మూత వేసి తాళం పెట్టిన పురుగుమందు డబ్బా ప్రమాద కారకమే, కాని ముప్పు స్వల్పం. అదే మందును మంచినీళ్ళ సీసాలో పోసి ఇంట్లో ఉంచితే ముప్పు అధికం.

== గుర్తించుట ==
* పురుగుమందులు: డబ్బాపై ఉండే త్రికోణపు రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యధికం, ఆపై వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ.
* తిరిగే యంత్రాలు: చెరకు గానుగ రోలర్లు, బెల్టులు, ట్రాక్టరు వెనుక తిరిగే ఇరుసు. వదులు దుస్తులు, చీర కొంగు వీటిలో చిక్కుకొంటాయి.
* పొడులు: బూజు పట్టిన చెరకు పిప్పి ధూళిని పీల్చిన ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. మండే గుణమున్న పొడి గాలిలో దట్టంగా వ్యాపించినపుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.
* మూసిన తొట్లు, గుంటలు: మొలాసిస్ తొట్టి, మురుగు గుంటలలో విషవాయువులు చేరవచ్చు, ప్రాణవాయువు తగ్గవచ్చు. పడినవారిని రక్షించుటకు వెంటనే దిగినవారు కూడా మరణించుట తరచు జరుగుతున్నది.

== నివారణ క్రమం ==
మొదట ప్రమాద కారకాన్ని తొలగించవలెను. వీలుకానిచో తక్కువ హాని కలిగించే దానిని వాడవలెను. తరువాత యంత్రాలకు కంచెలు, గాలి ప్రసరణ. ఆపై శిక్షణ, పని నియమాలు. చివరకు చేతి తొడుగులు, ముసుగు వంటి రక్షణ సామగ్రి. చాలాచోట్ల ఈ క్రమం తలక్రిందులై, ముసుగు ఇచ్చి బాధ్యత తీరినదని భావించుట జరుగుచున్నది. జహీరాబాదు మండలం పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు రసాయనాలు లేకుండా చిరుధాన్యాలు పండించుట మొదటి మెట్టుకు మంచి ఉదాహరణ. పొలంలో విషమే లేనపుడు ముసుగు అవసరమే రాదు.

== చట్టాలు ==
1984 భోపాల్ దుర్ఘటన తరువాత, 1948 నాటి కర్మాగారాల చట్టాన్ని 1987లో సవరించి, ప్రమాదకర ప్రక్రియలలో పనిచేసేవారికి సమాచారం పొందే హక్కు, ఆసన్న ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు కల్పించారు. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. దీనిలో కూడా కార్మికులు ఈ హక్కులు కలిగియున్నారు.

== జిల్లాలోని ఘటన ==
2025 జూన్ 30న ఇదే జిల్లా పటాన్‌చెరు మండలం పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో భారీ పేలుడు సంభవించినది. గల్లంతైనవారితో కలిపి 54 మంది మరణించారు. వీరిలో ఇతర రాష్ట్రాల వలస కార్మికులు అనేకులు. ఔషధ మాత్రల తయారీలో వాడే సెల్యులోజ్ పొడి అక్కడ తయారయ్యేది. హెచ్చరికలు, శిక్షణ కార్మికుల మాతృభాషలోనే ఉండవలసిన ఆవశ్యకతను వలస కార్మికులున్న ప్రతి కర్మాగారం గమనించవలెను.

== ప్రమాదం జరిగినపుడు ==
* ముందుగా విద్యుత్తును, యంత్రాన్ని ఆపవలెను.
* గుంటలో పడినవారి కొరకు శ్వాస పరికరం, నడుముకు తాడు లేకుండా దిగరాదు.
* పురుగుమందు సోకినచో దుస్తులు తీసి, ఒంటిని సబ్బు నీటితో కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలెను.
* అంబులెన్సుకు 108, అగ్నిమాపక దళానికి 101 నంబరుకు ఫోను చేయవలెను.
* త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా పుస్తకంలో వ్రాసి, కారణాన్ని సరిచేసిన పిదపనే తిరిగి పని ప్రారంభించవలెను.