ఆంధ్ర రాష్ట్ర శాసనసభ ఎన్నికలు, 1955

కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో 1955 ఫిబ్రవరిలో జరిగిన మధ్యంతర ఎన్నికలివి. రాష్ట్రం ఏర్పడ్డాక (1953 అక్టోబరు 1), తెలంగాణతో కలిసే లోపు ఆ సభకు జరిగిన సాధారణ ఎన్నికలు ఇవొక్కటే. కమ్యూనిస్టులు బ్యాలెట్ ద్వారా అధికారంలోకి వస్తారా అని దేశమంతా ఎదురుచూసింది.

టంగుటూరి ప్రకాశం ప్రభుత్వాన్ని పడగొట్టింది కల్లు. మద్యనిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసును ప్రభుత్వం అమలు చేయలేదు. కల్లుగీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న ఉద్యమించారు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. రాష్ట్రపతి పాలన వచ్చింది.

1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుంచి కమ్యూనిస్టులు 41 మంది, కాంగ్రెస్ వారు 40 మంది గెలిచారు. కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా నిలబడ్డ నాయకుల్లో ప్రకాశం, ఎన్.జి.రంగా కూడా ఉన్నారు. ఈసారి రంగా కృషికార్ లోక్ పార్టీ, ప్రకాశం ప్రజా పార్టీ కాంగ్రెస్‌తో జట్టుకట్టాయి. బొంబాయి నుంచి వచ్చిన ఎస్.కె.పాటిల్ ప్రచార బాధ్యత తీసుకున్నారు. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ఆంధ్రప్రభ కమ్యూనిస్టులపై విరుచుకుపడగా, కమ్యూనిస్టుల పత్రిక విశాలాంధ్ర బదులిచ్చింది. కవి శ్రీశ్రీ కమ్యూనిస్టుల తరఫున ఊరూరా తిరిగారు. ఆ జనవరిలో మాస్కో పత్రిక ప్రావ్దా నెహ్రూ విధానాలను మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. కాంగ్రెస్ దాన్ని అచ్చువేయించి పంచిపెట్టింది. కమ్యూనిస్టుల కంకి కొడవలి గుర్తుకు ప్రచారంలో ఇంతకంటే గట్టి దెబ్బ ఇంకొకటి తగల్లేదనే చెప్పాలి.

నియోజకవర్గాలు 167 కాగా, వాటిలో 29 ద్విసభ్య స్థానాలు. అక్కడ ఒక సీటు రిజర్వుడు, ఒకటి జనరల్. ఓటరుకు రెండు ఓట్లుండేవి. రెండూ ఒకే అభ్యర్థికి వేయడానికి వీల్లేదు.

196 స్థానాల్లో కాంగ్రెస్‌కు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5 దక్కాయి. కూటమి బలం 146కు చేరింది. విడిగా పోటీచేసిన ప్రజా సోషలిస్టు పార్టీ 13 చోట్ల, స్వతంత్రులు 22 చోట్ల గెలిచారు. 169 మందిని నిలబెట్టిన కమ్యూనిస్టు పార్టీకి వచ్చినవి 15.

అయితే ఈ 15 వెనకున్న ఓట్లను చూడకుండా ఈ ఫలితం అర్థం కాదు. కాంగ్రెస్‌కు సుమారు 39 శాతం ఓట్లు రాగా కమ్యూనిస్టులకు 31 శాతం దాకా వచ్చాయి. అంతకంటే ఎంతో తక్కువ ఓట్లు పడ్డ కృషికార్ లోక్ పార్టీ వారికంటే ఏడు సీట్లు ఎక్కువ గెలుచుకుంది. జనం కమ్యూనిస్టులను తోసిపుచ్చారని అప్పట్లో రాసినవారు సీట్లే లెక్కపెట్టారు. 1952లో చీలిపోయిన కమ్యూనిస్టు వ్యతిరేక ఓటు ఒకచోట పోగవడమే సీట్లను మార్చింది.

మార్చి 28న బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య ప్రతిపక్షాన్ని నడిపారు. 1956 నవంబరు 1న ఈ సభ్యులే ఆంధ్రప్రదేశ్ శాసనసభలో చేరారు. 1957లో తెలంగాణ ప్రాంతానికి మాత్రమే శాసనసభ ఎన్నికలు జరిగాయి. ఆంధ్ర ప్రాంత ఓటరు మళ్లీ శాసనసభకు ఓటు వేసింది 1962లోనే.