తాతల కాలం నించీ అన్నమేనా?

ఇంట్లో ఎవరికైనా షుగర్ అని తేలగానే మొదలయ్యే గొడవ అన్నం గురించే. "తాతల కాలం నించీ తింటున్నాం, ఇప్పుడు తగ్గించమంటే ఎట్లా?" అంటారు. మాది నంద్యాల వైపు. ఈ మాట విన్నప్పుడల్లా నాకో డౌటు. ఏ తాతల కాలం నించి? మన ఊళ్ళ వరకూ ఒకసారి లెక్క తీద్దాం.

ఎర్రమలలకీ నల్లమలలకీ మధ్య కుందూ నది పారే నల్లరేగడి నేల నంద్యాల, ఆళ్ళగడ్డలది. ఈ నేలకి అలవాటైన పంటలు జొన్న, కొర్ర, పత్తి. తిండి కూడా దాన్నిబట్టే... జొన్నరొట్టె, కొర్రబువ్వ. వరన్నం అంటే పండక్కో, చుట్టాలొస్తేనో.

1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి కడప దాకా కాలవ తవ్వింది. అదే కేసీ కెనాల్. పడవలు నడపొచ్చు, నీళ్ళమ్ముకోవచ్చు అని వాళ్ళ ప్లాను. తీరా చూస్తే రైతులు ఆ నీళ్ళు పెద్దగా కొనలేదు. రేగడిలో పండే జొన్నకీ కొర్రకీ వాన తడే చాలు, డబ్బు కట్టి నీళ్ళెందుకు? మన భాషలో చెప్పాలంటే కస్టమర్ అడగని ప్రోడక్టు :) కంపెనీ నష్టాల్లో మునిగింది, 1882లో ప్రభుత్వం ఆ కాలవని కొనేసింది.

ఈలోపు 1876-78 కరువు వచ్చింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. వాన తడిని నమ్ముకున్న తిండి ఎంత ఆరోగ్యకరమైనదైనా, వాన రాని ఏడు అది గింజ కూడా ఇవ్వదు. అందుకే వరిని విలన్ చెయ్యడం నాకు ఇష్టం ఉండదు. కాలవ కింద వరి పండితే చాలనుకున్న మనిషి ఆకలి చూసిన మనిషి.

తర్వాతి కథ మనకి తెలిసిందే. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టారు. తెలుగుగంగ కాలవతో ఆళ్ళగడ్డ వైపుకీ నీళ్ళొచ్చాయి. 1986లో బాపట్ల నించి బీపీటీ 5204, అంటే సాంబమసూరి విడుదలైంది. కర్నూలు సోనా పేరుతో మన సన్నబియ్యం హైదరాబాదు, బెంగుళూరు దాకా వెళ్ళింది. అంటే మా వైపు మామూలు ఇళ్ళల్లో పూటపూటా తెల్లన్నం అనేది, నా అంచనాలో, రెండు మూడు తరాల అలవాటు. అదే సమయంలో నాగలి వెనక నడిచే తాత మనవడు రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చోవడం మొదలెట్టాడు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లని లెక్క తేల్చింది.

తిండితో షుగర్‌ని అదుపు చేయడం కొత్త ఆలోచనేం కాదు. 1922లో టొరంటోలో ఇన్సులిన్ వాడకం మొదలయ్యేవరకూ డాక్టర్ల చేతిలో ఉన్నది ముఖ్యంగా తిండి కట్టడే. అమెరికాలో ఫ్రెడరిక్ అలెన్ అనే డాక్టరు దాదాపు పస్తులే ఉంచేవాడు, పిల్లలతో సహా. అదే టొరంటోలో 1981లో డేవిడ్ జెంకిన్స్ బృందం గ్లైసిమిక్ ఇండెక్స్ అనే కొలత తెచ్చింది. ఏ తిండి రక్తంలో చక్కెరని ఎంత పెంచుతుందో చెప్పే కొలత అది. మామూలు తెల్లన్నంతో పోలిస్తే కొర్రన్నానికి ఇది తక్కువ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆధ్వర్యంలో 2021లో అనేక అధ్యయనాలని కలిపి చూస్తే, రోజూ చిరుధాన్యాలు తిన్న షుగర్ పేషెంట్లలో చక్కెర 12 నించి 15 శాతం తగ్గింది.

తమాషా ఏంటంటే ఆ కొర్రకి కొత్త రకాలు ఇస్తున్నది మన నంద్యాలే. 1906లో మొదలైన ఇక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం నించే సూర్యనంది, రేనాడు లాంటి కొర్ర రకాలు వచ్చాయి. రేనాడంటే ఈ ప్రాంతం పాత పేరే కదా.

అలాగని కొర్ర మందు కాదు. కొర్రలు కూడా పిండిపదార్థమే. రెండు ప్లేట్లు లాగిస్తే చక్కెర పెరక్క మానదు. మెత్తగా పిండి పట్టించి జావ కాస్తే గింజలో ఉన్న లాభం చాలావరకు పోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇన్సులిన్‌గానీ కొన్ని రకాల మాత్రలుగానీ వాడేవాళ్ళు ఉన్నట్టుండి అన్నం మానేస్తే చక్కెర మరీ పడిపోయి ప్రమాదం. డాక్టర్ని అడిగి మందు డోసు సరిచేయించుకోవాలి, సొంతంగా ఆపెయ్యకూడదు.

అమెరికా నించో హైటెక్ సిటీ నించో ఫోన్లో నాన్నకి లెక్చర్లిచ్చే మిత్రులకి నా సలహా ఒక్కటే. లెక్చర్ బదులు గ్లూకోమీటర్ ఇవ్వండి. మందులు మార్చకుండా, ఒకరోజు మామూలుగా తినేంత అన్నం, ఇంకోరోజు అంతే కొర్రన్నం. పప్పు, గోరుచిక్కుడు కూర రెండురోజులూ ఒకటే. తినడం మొదలెట్టిన రెండు గంటలకి చూసి రాసుకోమనండి. అలా నాలుగైదు సార్లు చేశాక నోటుబుక్కులో అంకెలు ఆయనకే కనిపిస్తాయి. తాతల కాలం సంగతి అప్పుడు ఆయనే చెప్తారు... వాళ్ళ నాయన ఏం తినేవాడో మనకంటే ఆయనకే బాగా గుర్తు.