ఆకలి కొరడా, ఎలుక సాక్ష్యం

"కడుపు నిండితే కూలివాడు పనికి రాడు" - నిన్న దొరల గడీలలో వినబడిన యీ మాట నేడు రాయదుర్గం అద్దాల మేడల నీడలోనూ వినబడుతూనే వుంది. ఇది లోకానుభవమా, వర్గప్రయోజనమా?

1786లో ఇంగ్లండులో జోసెఫ్ టౌన్సెండ్ అనే మతాచార్యుడు బీదల సహాయచట్టాలను ఖండిస్తూ పుస్తకం రాశాడు. ఆకలి ఎంతటి క్రూరమృగాన్నయినా లొంగదీస్తుంది, బీదలను పనికి తోలగలిగినదీ అదొక్కటే అని అతని వాదం. మార్క్స్ "పెట్టుబడి" మొదటి సంపుటంలో యీ పెద్దమనిషిని ఎండగట్టాడు.

ఇటువంటి ఆలోచనే మన నేలమీద కూలిరేటుగా మారింది. ధాత కరువులో, 1877లో, మద్రాసు రాజధానికి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగకూలీకి రోజుకు పౌను ధాన్యమూ ఒక అణా చాలునన్నాడు. అది ప్రాణం నిలపడానికి చాలదని శానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ వాదించాడు. నిజాం తెలంగాణాలోని వెట్టి ఆ కూలి కూడా లేని చాకిరీ. దానిపై ప్రజలు 1946-51లో సాయుధులై తిరగబడ్డారు.

మరి ఆ మృగం సంగతేమిటి? 1963లో గ్లెన్ జెన్సెన్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఎలుకల ముందు గిన్నెనిండా తిండి పెట్టాడు. పక్కనే, మీట నొక్కితే తిండి రాలే యేర్పాటూ చేశాడు. గిన్నె అందుబాటులో వున్నా, దాదాపు అన్ని ఎలుకలూ కొంత తిండిని మీట నొక్కే సంపాదించుకున్నాయి. తర్వాత పావురాలూ, మరికొన్ని జంతువులూ అలాగే చేశాయి. పెంపుడుపిల్లులు మాత్రం చాలావరకు గిన్నెనే నమ్ముకున్నాయి. రేపు తిండి ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడానికే జీవి యిలా వెతుకుతుందని ఒక వివరణ.

అసలు విషయం మరొకటి. ఆకలి ముదిరేకొద్దీ, మీట బరువెక్కేకొద్దీ, యీ ఉత్సాహం తగ్గిపోతుంది. అంటే ఆకలి పనిని పుట్టించడం లేదు. స్వచ్ఛందమైన పనిని చంపుతున్నది! టౌన్సెండ్ పిలిచిన సాక్షే అతనికి ఎదురుతిరిగింది.

మనిషి ఎలుక కాడు, నిజమే. మనిషి శ్రమ సాంఘికమైనది. అందుకే మరో మోసాన్నీ కనిపెట్టాలి: "పనిలోనే ఆనందముంది, జీతమెందుకు?" అనే యజమాని కూడా రేపు యీ ఎలుకనే చూపిస్తాడు. కాని ఆ ఎలుక పక్కన నిండిన గిన్నె వుంది. రాయదుర్గంలో కొన్ని కంపెనీలు లోపలివారికి ఉచితంగా భోజనం పెడతాయి. గేటు దగ్గరకు అన్నం పొట్లం తెచ్చే కుర్రవాడు ఆర్డరు లెక్కన బతుకుతాడు. మీట నొక్కకపోతే అతనికి ముద్ద లేదు. అతని వేగాన్ని శ్రద్ధ అని పొగిడేవారు ముందు అతని గిన్నెను చూడాలి.

అన్నం హక్కు అయితే మనుషులు సోమరులౌతారన్నది పాలకవర్గాల భయమే గాని ప్రకృతి నియమం కాదు. అన్నానికి హామీ వున్నచోటనే శ్రమ బానిసత్వం నుండి విడివడుతుంది.