సూరత్ నుంచి వచ్చే బండి

1994 సెప్టెంబరు చివరి వారం. సూరత్ స్టేషన్లో ఇసుక వేస్తే రాలనంత జనం. మరమగ్గాలను నమ్ముకుని వలసపోయిన తెలుగు కుటుంబాలు పిల్లల మూతులకు రుమాళ్లు కట్టి, దొరికిన బండి ఎక్కేస్తున్నాయి.

ఆ జనంలో ఒక మగ్గం కార్మికుణ్ని ఊహించుకుందాం. ఉండేది వేద్ రోడ్డు ఇరుకు గదుల్లో. పక్కగదివాడికి మొన్న జ్వరం, నిన్న దగ్గులో నెత్తురు, ఇవాళ మనిషే లేడు. మందుల షాపులో టెట్రాసైక్లిన్ అయిపోయింది. డాక్టరు గదికి తాళం.

"ఊరికి పోదాం పా. సచ్చినా మనోళ్ల నడుమ సద్దాం" అన్నాడు భార్యతో.

సూరత్‌లో ఆగే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వరంగల్ మీదుగా బెజవాడకే వస్తుంది. వన్ టౌన్ బట్టల కొట్లకు చీరల బేళ్లు వచ్చేదీ ఆ సూరత్ నుంచే. సూరత్‌లో ఉన్నది ఊపిరితిత్తుల ప్లేగు అన్నారు. దానికి ఎలుకతో పనిలేదు, ఎదుటి మనిషి దగ్గు చాలు. వెంటనే మందు పడితే బతుకుతారు, ఆలస్యమైతే కష్టం.

సూరత్‌లో చనిపోయింది యాభై పైచిలుకు. ఊరొదిలింది లక్షల్లో.

అసలు కథ అంతకుముందే, మహారాష్ట్ర బీడ్ జిల్లా మామ్లా గ్రామంలో మొదలైంది. 1993 లాతూరు భూకంపం తర్వాత జనం ఇళ్లు వదిలేశారు, ధాన్యం మాత్రం లోపలే ఉంది. ఎలుకలకు పండగ. 1994 ఆగస్టులో అవి చచ్చి పడసాగాయి. ఎలుకల మీది పురుగులు కుడుతున్నాయని ఊరివాళ్లు మొత్తుకున్నారు. నెలాఖరుకు మనుషుల గజ్జల్లో గడ్డలు లేచాయి. ఎలుకలు చచ్చిన నాడే కదిలి ఉంటే? 1966లో మన చిత్తూరు సరిహద్దున, కోలారు జిల్లా ముళబాగిలులో వచ్చిన కేసుల తర్వాత దేశంలో ప్లేగు మాట లేదు. దాంతో నిఘా సడలింది. సూరత్‌లో వచ్చింది ప్లేగేనా అన్న వాదనే నెలల తరబడి నడిచింది.

1995లో సూరత్ కమిషనర్‌గా వెళ్లిన ఎస్.ఆర్.రావు ఆ ఊరిని కడిగి ఆరేశారు. మంచిదే. కానీ ఊరు కడిగిన ఆఫీసరు మనకు గుర్తుంటాడు, ఎలుకలు లెక్కపెట్టే గుమస్తా గుర్తుండడు.

ప్లేగు పోలేదు. 2002లో సిమ్లా జిల్లాలో, 2004లో ఉత్తరకాశీలో తలెత్తింది. 2017లో మడగాస్కర్‌లో రెండు వందల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. మనకూ 2004లో సమగ్ర వ్యాధి నిఘా పథకం వచ్చింది. ఆస్పత్రికి చేరిన జ్వరాన్ని అది లెక్కలోకి తీసుకుంటుంది. మరి బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్ పక్కన పొద్దున్నే నాలుగు ఎలుకలు చచ్చి పడుంటే, చీపురు పట్టిన మనిషి వాటిని చెత్తబండిలో వేసే ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి? ఆ నంబరు ప్రతి వార్డు సచివాలయం గోడ మీదా పెద్దక్షరాలతో రాయించాలి.