కలకత్తా గిటారుపై శంకరాభరణము

వీణ మెట్లను ఒక్కసారి శ్రద్ధగా లెక్కించిన తెలుగువానికి గిటారు పరాయి వాద్యముగా తోచదు. బొబ్బిలి వీణపై మైనములో పొదిగిన మెట్లు 24. అనగా స్థాయికి 12. గిటారు మెడపై బిగించిన లోహపు మెట్లును స్థాయికి 12 మాత్రమే. మెట్టు నొక్కకుండ మీటిన తీగ షడ్జమైనచో, 2వ మెట్టుపై చతుశ్శ్రుతి రిషభము, 4వ దానిపై అంతర గాంధారము, 5వ దానిపై శుద్ధ మధ్యమము, 7వ దానిపై పంచమము, 9వ దానిపై చతుశ్శ్రుతి ధైవతము, 11వ దానిపై కాకలి నిషాదము, 12వ దానిపై తారషడ్జము పలుకును. ఇది మన 29వ మేళకర్తయగు ధీరశంకరాభరణము. హిందూస్థానీ విద్వాంసులు దీనిని బిలావల్ ఠాటు అందురు. పాశ్చాత్యులు మేజర్ స్కేలు అందురు. తెల్లవారి బ్యాండు మెట్లు విన్న ముత్తుస్వామి దీక్షితులు వానికి సంస్కృత సాహిత్యము కూర్చి నోట్టుస్వరములను రచించినదియు ఈ శంకరాభరణమునందే. కావున ఈ స్వరవరుసకు మన దేశమున చుట్టరికము కొత్తది కాదు.

మన పిల్లలు సరళీస్వరములను మాయామాళవగౌళలో నారంభింతురు. గిటారు నేర్చువారు శంకరాభరణముతో నారంభింతురు. స్పానిష్ గిటారుపై ఆ సాధన యిట్లుండును. ఎడమచేతి నాలుగు వ్రేళ్లకు వరుసగా నాలుగు మెట్లను పంచి యిత్తురు. చూపుడువ్రేలికి 2వ మెట్టు, చిటికెనవ్రేలికి 5వ మెట్టు అనుకొందము. మందమైన తీగ ప్రక్కనున్న 5వ తీగపై నడిమివ్రేలితో షడ్జము, చిటికెనవ్రేలితో రిషభము. 4వ తీగపై చూపుడు, నడిమి, చిటికెనవ్రేళ్లతో గాంధార మధ్యమ పంచమములు. 3వ తీగపై చూపుడు, ఉంగరపు, చిటికెనవ్రేళ్లతో ధైవత నిషాద తారషడ్జములు. మెట్టు నొక్కని తీగ ఇందులో ఒక్కటియు లేదు గనుక చేతిని రెండు మెట్లు ముందుకు జరిపినంతనే శ్రుతి మారును గాని వ్రేళ్ల వరుస మారదు. ఆండ్రే సెగోవియా 1953లో మేజరు, మైనరు స్కేళ్లకు వ్రేళ్లవరుసలు నిర్ణయించి ప్రకటించిన చిన్న పుస్తకము ప్రపంచమందంతటను గిటారు విద్యార్థులకు నిత్యపారాయణ గ్రంథమైనది. స్వరస్థానము చెవికి తెలియకముందే వ్రేళ్లకు తెలియుట ఈ పద్ధతిలోని సౌకర్యము. లోపమును అదియే.

అయితే కలకత్తా గృహస్థుల యిండ్లలోనికి గిటారు తొలుత ఈ రూపమున రాలేదు. అది ఒడిలో పండుకొని వచ్చినది. హవాయి ద్వీపములలో 1889 ప్రాంతమున జోసెఫ్ కెకుకు అను బాలుడు తీగలపై లోహఖండమును జార్చి వాయించు పద్ధతిని కనిపెట్టెనని ప్రసిద్ధి. అంతకుముందే గేబ్రియల్ డేవియన్ అను నాతడు అట్లు వాయించెననియు, అతడు భారతదేశమున జన్మించి ఒక ఓడ కప్తానుచే అపహరింపబడి హవాయి చేరెననియు మరియొక కథ కలదు. ఆ కథయే నిజమైనచో వాద్యము పుట్టింటికే తిరిగి వచ్చినదనవలెను!

1938లో గార్నీ నిస్ అను ఆంగ్లో ఇండియన్ యువకుడు 'అలోహా బాయిస్' అను బృందమును కూర్చి కలకత్తా రేడియోలో వాయింపసాగెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున సమోవాలో పుట్టిన టౌ మో కుటుంబముతో ఈ నగరమున కొన్ని సంవత్సరములు నివసించి వాయించెను.

ఉక్కుకడ్డీతో చేయు స్వరసాధనయే వేరు. ఇచ్చట తీగను మెట్టుకు నొక్కుట లేదు. మెట్టు కేవలము గుర్తు. కడ్డీ సరిగా మెట్టు గీతకు పైననే నిలువవలెను. వెంట్రుకవాసి వెనుకకైన స్వరము తగ్గును, ముందుకైన హెచ్చును. స్పానిష్ గిటారుపై రెండు మెట్ల నడుమ ఎచ్చట నొక్కినను స్వరము ఇంచుమించు సరిగనే పలుకును. ఇచ్చట అట్టి క్షమ లేదు. కడ్డీ వెనుక మిగిలిన వ్రేళ్లను తీగపై మెత్తగా ఆనింపకున్న గరగరధ్వని పుట్టును. ఒక్క తీగపై స రి గ మ ప ద ని స పోయి వచ్చుటకు చేయి తీగ పొడవున సగము దూరము పయనింపవలెను. ఆ పయనమున దారి చెప్పునది వ్రేలు కాదు, చెవి. గోటువాద్యము నెరిగినవారికి ఈ కష్టము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇందు ఒక పెద్ద వివాదము ఇమిడియున్నది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియమును బహిష్కరించెను. 1971 వరకు ఆ నిషేధము పూర్తిగ సాగెను. రవీంద్రనాథ ఠాకూరును దానిని కోరినవారిలో నొకరు. మెట్టునుండి మెట్టుకు దుమికెడి వాద్యమునకు మన గమకము లొంగదనియే ఆక్షేపణ. ఈ తీర్పు పాడువారికి కొంత కఠినమేయైనను ఆక్షేపణ నిరాధారము కాదు. స్పానిష్ గిటారును కొంతవరకు ఆ ఆక్షేపణకు గురియగునదే. ఉక్కుకడ్డీ గిటారు మాత్రము దానికి దొరకదు. మీండు దానికి సహజము. కనుకనే రవీంద్ర సంగీతమును, నజ్రుల్ గీతములను మాటలు లేకుండ పలికించుటకు వంగదేశీయులు దీనిని చేపట్టిరి. నజ్రుల్ కుమారుడు కాజీ అనిరుద్ధ, బటుక్ నంది, సునీల్ గంగూలీ దీనిపై పేరు గాంచిరి.

జోధ్‌పూర్ వాస్తవ్యుడు బ్రిజ్ భూషణ్ కాబ్రా ఈ వాద్యముపై మనసుపడినది కలకత్తాలోనే. అలీ అక్బర్ ఖాన్ శిష్యుడై ఆయన దానిపై రాగాలాపన చేసెను. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి ఆయన వాయించిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డు దేశదేశముల వ్యాపించెను. 1963లో కలకత్తాలో జన్మించిన దేబాశీష్ భట్టాచార్య కాబ్రా వద్ద నేర్చి, చతురంగి, గాంధర్వి, ఆనంది అను మూడు నూతన గిటారులను రూపొందించెను.

స్పానిష్ గిటారు పార్కు వీధి హోటళ్ల బృందములలో వెలిగినది. బెంగుళూరున పుట్టి ఈ నగరమున స్థిరపడిన జాజ్ విద్వాంసుడు కార్ల్‌టన్ కిట్టో, 1915లో స్థాపితమైన కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో శిష్యులను తీర్చెను. ఆయన 2016లో దివంగతుడయ్యెను. వ్రేళ్ల వేగము కావలసిన సంగీతమున వ్రేళ్ల సాధనయే సాధనమనుట న్యాయమే. క్రమముగ నేర్చువారు అధికముగ ఆ మార్గమునే పట్టిరి. ఒడిలో పండుకొన్న గిటారు పలు యిండ్లలో అటకయెక్కినది.

రెండు మార్గములకు నడుమ ఎడము మిక్కిలి స్వల్పము. స్పానిష్ గిటారు తలవద్ద తీగల క్రింద ఒక చిన్న లోహపు ముక్కను దూర్చినచో తీగలు మెట్లకు అందనంత ఎత్తు లేచును. అప్పుడు వాద్యమును ఒడిలో వెల్లకిల పరుండబెట్టి, ఎడమచేత కడ్డీ పట్టి, 2వ మెట్టు, 4వ మెట్టు, 5వ మెట్టు అని లెక్కించుచు అదే శంకరాభరణమును మరల షడ్జమునుండి ఆరంభింపవలెను.