షో హంటర్: గుర్రం ఎంత అందంగా ఉన్నా కాళ్లు బాగోకపోతే అంతే.. రింగ్‌లోకి దిగేముందు ఇవి చూసుకోవాల్సిందే!

గుర్రం అనగానే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది రేస్‌కోర్స్, ఆ తర్వాత పెళ్లి బరాత్. బ్రిటన్, ఐర్లాండ్‌లో మాత్రం ఇంకో లోకం ఉంది. అదే షో రింగ్. అక్కడ 'హంటర్' క్లాస్‌కు ప్రత్యేక గౌరవం. వేటకుక్కల వెంట రోజంతా పొలాలు, కంచెలు, బురద దాటి, రౌతును సాయంత్రానికి క్షేమంగా ఇంటికి చేర్చే గుర్రమే హంటర్. ఇది జాతి పేరు కాదు, పనిని బట్టి వచ్చిన పేరు. థరోబ్రెడ్, ఐరిష్ డ్రాఫ్ట్ రక్తం కలిసిన గుర్రాలు ఈ పనికి బాగా కుదురుతాయి.

2004 నాటి హంటింగ్ యాక్ట్‌తో ఇంగ్లండ్, వేల్స్‌లో కుక్కలతో అడవి జంతువులను వేటాడటంపై నిషేధం వచ్చింది. అయినా పోటీలు ఆగలేదు. జులైలో హిక్‌స్టెడ్, ఆగస్టులో డబ్లిన్, అక్టోబరులో బర్మింగ్‌హామ్ షోలలో నేటికీ అదే కొలమానం. ఈ గుర్రం రోజంతా పని చేయగలదా, లేదా?

ఏ క్లాస్‌లో దింపాలి?

రౌతు బరువును బట్టి మూడు క్లాసులు. సుమారు 79 కిలోల వరకు మోయగలిగితే లైట్‌వెయిట్. 79 నుంచి 89 కిలోల వరకు మిడిల్‌వెయిట్. ఆపైన హెవీవెయిట్. ఎత్తు 158 సెంటీమీటర్లు దాటని వాటికి స్మాల్ హంటర్ క్లాస్ వేరుగా ఉంటుంది. ఎత్తు చూసి క్లాస్ నిర్ణయిస్తే పొరపాటే. ముందు మోకాలి కింద ఎముక ఎంత లావుగా ఉందో చూడాలి. ఒళ్లు భారీగా ఉండి, కాళ్లు సన్నగా ఉంటే ఆ బరువు ఎన్నాళ్లో మోయలేదు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదట చూడాల్సింది గిట్టలు. ముందు గిట్టలు రెండూ ఒకే సైజులో, ఒకే తీరులో ఉండాలి. తర్వాత కాళ్లు. పక్క నుంచి చూస్తే ముందు మోకాలు వెనక్కి వంగినట్టు కనిపించకూడదు. అలాంటి కాలికి పరుగులో స్నాయువులపై ఒత్తిడి ఎక్కువ. భుజం ఏటవాలుగా ఉంటే అడుగు బాగా సాగుతుంది, రౌతుకు కుదుపు తగ్గుతుంది. ఛాతీ లోతుగా, వెనక భాగం బలంగా ఉండాలి. ముందు నుంచి, వెనక నుంచి చూసినా నడక తిన్నగా సాగాలి.

నచ్చింది కదా అని అప్పటికప్పుడు డబ్బు కట్టేయొద్దు. బ్రిటన్‌లో వెటర్నరీ డాక్టర్లు ఐదు దశల్లో పరీక్ష చేస్తారు. నిలబెట్టి చూడటం, నడిపించి చూడటం, స్వారీ చేయించడం, విశ్రాంతి ఇవ్వడం, మళ్లీ పరుగెత్తించడం. రక్త నమూనా కూడా తీసి ఉంచుతారు. నొప్పి మందు ఇచ్చి కుంటితనం దాచారేమో అనే అనుమానం వస్తే తర్వాత అదే ఆధారం.

లావు చేస్తే నిగారింపు కాదు, ముప్పు!

షో గుర్రాల విషయంలో అసలు ఆందోళన ఇదే. కొవ్వు పట్టిన గుర్రం నున్నగా, గుండ్రంగా కనిపిస్తుంది. మెడలో, వీపులో ఉన్న లోపాలు కప్పుకుపోతాయి. కానీ ఊబకాయంతో లామినైటిస్ ముప్పు పెరుగుతుంది. గిట్ట లోపలి కణజాలం వాచి నరకం చూపిస్తుంది. ముదిరితే ప్రాణం మీదికే వస్తుంది. పక్కటెముకలు కంటికి కనిపించకపోయినా, చేత్తో తడిమితే తెలియాలి. కండ రావాల్సింది దాణాతో కాదు, నెలల తరబడి చేయించే పనితో.

అలంకరణ ఎలా?

హంటర్‌కు ఆడంబరం పనికిరాదు. జూలును చిన్న చిన్న జడలుగా అల్లాలి. తోక చక్కగా ఉండాలి. కళ్లెం సాదా తోలుది చాలు, నుదుటి పట్టీకి రంగులు వద్దు. భుజం కనిపించేలా జీను ముందు అంచు కాస్త నిలువుగా ఉండాలి. రౌతుకు ట్వీడ్ కోటు, పొడవాటి బూట్లు, హెల్మెట్.

రింగ్‌లో ఏం జరుగుతుంది?

ముందు అన్ని గుర్రాలూ కలిసి నడక, ట్రాట్, కాంటర్, ఆ తర్వాత గాలప్ చేస్తాయి. ఆపై జడ్జి స్వయంగా గుర్రమెక్కుతారు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. ఇంట్లో ఒక్కరికే అలవాటైన గుర్రం కొత్త మనిషి ఎక్కగానే బిగుసుకుపోతుంది. అందుకే షోకి ముందే వేర్వేరు బరువులున్న నలుగురైదుగురితో స్వారీ చేయించాలి.

చివరగా జీను తీసి జడ్జి ముందు నిలబెట్టాలి. నాలుగు కాళ్లూ విడివిడిగా కనిపించాలి. తర్వాత నడిపించి, ట్రాట్ చేయించాలి. పగ్గం బిగించి తల పట్టుకుంటే నడక చెడుతుంది, వదులుగా వదలాలి. తిప్పేటప్పుడు గుర్రాన్ని తనవైపు లాక్కోకుండా అవతలికి తోస్తూ తిప్పాలి. అప్పుడే అది కాళ్లు తొక్కదు, అడుగు తడబడదు.

బహుమతి రాకపోయినా కాళ్లు బాగున్న గుర్రం ఏళ్ల తరబడి స్వారీకి పనికొస్తుంది. కాళ్లు బాగోని గుర్రానికి మాత్రం రిబ్బన్ వచ్చినా మిగిలేది డాక్టర్ బిల్లే.