రొయ్యల మేతకూ డాల్ఫిన్ తిండికీ లంకె
కల్లూరుకు సముద్రం దూరమే. చెరువుల్లో పెంచే బొచ్చె, రాగండి ఎక్కువగా తవుడు, చెక్క తిని పెరుగుతాయి. కోస్తా రొయ్యల సంగతి వేరు. వాటి మేతలో చేపల పొడి కలుస్తుంది, అది కవ్వళ్ల వంటి చిన్న సముద్రపు చేపలతో తయారవుతుంది. బంగాళాఖాతంలో ఒడ్డు దగ్గర తిరిగే డాల్ఫిన్లు తినేదీ ఇలాంటి చేపలనే. గుంపులు తగ్గితే అవి వేరే చేపను వెతుక్కోవాలి, లేదంటే వలల దగ్గరికే రావాలి. డాల్ఫిన్ మనలాగే గాలి పీల్చే జీవి కదా, వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం డాల్ఫిన్‌ను వేటాడటం నేరం. కవ్వళ్లకైతే తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట విరామం ఉంది.